కష్టం అందరిదీ, పంపకం ఎవరిది?

1999 మార్చిలో అమెరికాలో ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆట మొదలైంది. అందులో నాగఫెన్, వాక్స్ అని రెండు డ్రాగన్లు. వాటిని చంపాలంటే డజన్ల కొద్దీ మంది ఒకే వేళకు చేరి గంటల తరబడి పోరాడాలి. అంతా అయ్యాక డ్రాగన్ వదిలే వస్తువులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఎవరికివ్వాలి? పాచికలు వేస్తే నిన్నగాక మొన్న చేరినవాడికి దక్కి, నెలల తరబడి ప్రతి పోరుకూ వచ్చినవాడు వట్టి చేతులతో మిగిలిపోవచ్చు. నాయకుడు తన ఇష్టప్రకారం ఇస్తే గిల్డ్, అంటే కలిసి ఆడే జట్టు, నిట్టనిలువునా చీలుతుంది. ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డ్ దీనికి ఖాతా తెరిచింది. పోరుకు వచ్చిన ప్రతివాళ్ల పేరునా పాయింట్లు జమ; వస్తువు తీసుకుంటే ఆ మేరకు ఖర్చు. డ్రాగన్ కిల్ పాయింట్లు, పొట్టిగా డీకేపీ, పుట్టింది అలాగే.

ఆ ఖాతాతో ఆట తయారుచేసిన కంపెనీకి ఏ సంబంధమూ లేదు. సర్వరులో దాని జాడే ఉండదు. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు, కాగితం మీద సంతకం లేకుండా, మోసపోతే వెళ్లడానికి కోర్టు లేకుండా, తమలో తాము మాటనుకుని ఏళ్ల తరబడి ఆ మాట మీద నిలబడ్డారు. ఈ చరిత్రంతటిలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే సంగతి ఇదే.

2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చింది. అందులోని మోల్టెన్ కోర్ అనే చోటికి 40 మంది కలిసి పోరుకు వెళ్లే ఆ రోజుల్లో డీకేపీ ఇంటింటి మాటైంది, దాని లోపాలూ బయటపడ్డాయి. పాత సభ్యులు పాయింట్లు కూడబెట్టి కూర్చునేవారు. కొత్తగా వచ్చినవాళ్లు ఎంత కష్టపడ్డా ఆ గుట్టను అందుకోలేకపోయేవారు. విరుగుడుగా రకరకాల పద్ధతులొచ్చాయి. సూసైడ్ కింగ్స్‌లో ఒక జాబితా ఉంటుంది. వస్తువు తీసుకున్నవాడు జాబితా అడుక్కి పోతాడు. ఈపీజీపీలో పడిన శ్రమను తీసుకున్న సొత్తుతో భాగిస్తారు. పాత పాయింట్లు క్రమంగా తరిగిపోతాయి. పాత కష్టానికి విలువ ఎన్నాళ్లుండాలన్న ప్రశ్న ఆ తరుగుదల రేటులోనే ఉంది. దాని మీద జరిగినన్ని తగాదాలు డ్రాగన్ల మీద కూడా జరిగి ఉండవు. లెక్కలు వద్దనుకున్న గిల్డులు పెద్దల మండలి పెట్టుకున్నాయి, లూట్ కౌన్సిల్ అని. ఎవరికిస్తే గిల్డ్ బలపడుతుందో వాళ్లకే ఇస్తామన్నది దాని సూత్రం. మండలిలో ఉన్నవాళ్ల మంచితనం ఎంతో, అక్కడి న్యాయమూ అంతే.

వీటన్నిటిలో తెలుగువాళ్లకు ఇట్టే అర్థమయ్యేది జీడీకేపీ. అచ్చం మన చీటీపాటే. వస్తువును ఆటలోని బంగారానికి పాట పెడతారు; ఎక్కువ పాడినవాడికి వస్తువు, పాడిన సొమ్ము వచ్చినవాళ్లందరికీ సమానంగా. వస్తువు దక్కనివాడు కూడా ఉత్త చేతులతో వెళ్లడు గనుక చూడ్డానికి ఇంతకన్నా న్యాయం లేదనిపిస్తుంది. తీరా బయట అసలు డబ్బు పోసి బంగారం కొనుక్కొచ్చేవాళ్లు పాటలో దిగేసరికి శ్రమకు విలువ పోయింది. 2024లో వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లోని సీజన్ ఆఫ్ డిస్కవరీలో కంపెనీయే జీడీకేపీని నిషేధించింది.

యుద్ధతంత్రం మీద నడిచే ఆటల్లో చిక్కు ఇంకో రకం. ఇక్కడ పంచాల్సింది కత్తీ డాలూ కాదు, భారం. 2004లో జర్మనీలో మొదలైన ట్రావియన్‌లో మిత్రుడి ఊరిని కాపాడ్డానికి సైన్యం పంపితే, ఆ సైన్యానికి తిండి ఆ ఊరి గాదెలోంచే పోవాలి. అందుకే దాడి వస్తోందంటే కూటమి మొత్తం అక్కడికి ధాన్యం తోలుతుంది. చివరి ఘట్టంలో ప్రపంచ వింత కట్టడం 100వ స్థాయికి చేరాలి. నెలల తరబడి వందలాది ఊళ్ల నుంచి కలపా మట్టీ ఇనుమూ ధాన్యమూ ఆ ఒక్క ఊరికి చేరతాయి. విజేతగా నిలిచేది మాత్రం ఆ ఊరి యజమాని పేరు. ధాన్యం తోలినవాళ్ల కష్టం కూటమి మనుషుల మధ్య గుర్తుండాల్సిందే.

ఐస్‌లాండ్ వాళ్ల అంతరిక్ష యుద్ధాల ఆట ఈవ్ ఆన్‌లైన్ (2003)లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. శత్రు ఓడ కూలగానే కిల్‌మెయిల్ అనే చిట్టా వస్తుంది. గుండు పేల్చిన ప్రతివాడి పేరూ అందులో ఉంటుంది. పక్కనే నిలబడి మనవాళ్ల ఓడలకు క్షణక్షణం మరమ్మతు చేసి బతికించినవాడి పేరు ఉండదు. కూటములు దీన్ని తమంతట తామే సరిచేసుకున్నాయి: దండుతో వచ్చినవాళ్లందరికీ హాజరు వేయడం, పోరులో పోయిన ఓడకు ఉమ్మడి ఖజానా నుంచి పరిహారమివ్వడం. సభ్యుల సంపాదన మీద వేసే పన్ను కూడా ఆ ఖజానాకే చేరుతుంది. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలం మీద హక్కు నిలవడానికి కట్టాల్సిన రుసుము కట్టకుండా ఉండిపోయింది. దాన్నుంచి రేగిన యుద్ధంలో 75 టైటన్ ఓడలు కూలాయి. మొత్తం నష్టం అసలు డబ్బులో సుమారు 3 లక్షల డాలర్లని కంపెనీ అంచనా. రుసుము సకాలంలో కట్టే మనిషికి ఏ కిల్‌మెయిల్‌లోనూ చోటు లేదు. ఆ పని జరగనినాడే దాని విలువ ఎంతో అందరికీ తెలిసింది.

మన కుర్రాళ్ల చేతుల్లోకి ఈ పంచాయితీ క్లాష్ ఆఫ్ క్లాన్స్‌తో వచ్చింది. 2012లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఆట. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్‌కు వచ్చాక హైదరాబాదు, విజయవాడ హాస్టళ్లలోనూ చోటు దొరికింది. అందులో జట్టును క్లాన్ అంటారు; తొలిరోజుల కొలమానం తోటివాళ్లకిచ్చే డొనేషన్. ఎన్ని దళాలు ఇచ్చావు, ఎన్ని తీసుకున్నావు? అప్పట్లో దళం తయారుచేయడానికి ఆటలో కూడబెట్టుకున్న ఎలిక్సిర్ ఖర్చయ్యేది కాబట్టి ఇవ్వడంలో త్యాగం ఉండేది. 2022లో ఆ ఖర్చే ఎత్తేశారు. అంకె మిగిలింది, త్యాగం పోయింది.

2017 డిసెంబరులో వచ్చిన క్లాన్ గేమ్స్ ఇంకా ఆసక్తికరం. క్లాన్‌లో 50 మంది దాకా ఉండొచ్చు. మామూలుగా ఒక్కొక్కరు 4,000 పాయింట్ల వరకు తేగలరు. మొత్తం 50,000 చేరితే చివరి బహుమతి తెరుచుకుంటుంది. అంటే 13 మంది చెమటోడిస్తే తక్కిన 37 మంది పేరుకు ఒక చిన్న పని చేసి అదే బహుమతి అందుకోవచ్చు. అందుకే ఎన్నో క్లాన్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి: తలా 1,000, లేకుంటే కిక్. యాభైమందికి పంచితే సరిగ్గా తలా వెయ్యే. కంపెనీ కోడ్‌లో రాయని నియమాన్ని లీడర్లు రాసుకున్నారు. పరీక్షలున్న కుర్రాడికీ, రాత్రి షిఫ్టులో ఉన్నవాడికీ మినహాయింపు ఇవ్వాలా అని చాట్‌లో నడిచే వాదన నాకు ఆటకన్నా విలువైనదిగా అనిపిస్తుంది.

ఈలోగా కంపెనీలు పంపకాన్ని తమ చేతుల్లోకి తీసుకోవడం మొదలైంది. 2018లో వార్‌క్రాఫ్ట్, వస్తువులు పంచే అధికారం గిల్డ్ నాయకుడి నుంచి తీసేసి ఎవరి వాటా వాళ్లకు యంత్రమే ఇచ్చేలా మార్చింది. పక్షపాతం తగ్గిన మాట నిజం. దాంతోపాటు, ఈ వస్తువు నాకన్నా నీకే అవసరమని పక్కవాడికి వదులుకునే వీలూ బాగా కుంచించుకుపోయింది. 2022లో డ్రాగన్‌ఫ్లైట్ అనే కొత్త భాగంతో పంపకం మళ్లీ గుంపు చేతికొచ్చింది. అంతకుముందే, 2018 అక్టోబరులో, క్లాష్ ఆఫ్ క్లాన్స్ మధ్యేమార్గం పట్టింది: క్లాన్ల మధ్య జరిగే వార్ లీగ్‌లో, అటాక్‌లలో తెచ్చిన స్టార్లను బట్టి పతకాలు యంత్రం ఇస్తుంది, వాటి పైన కొన్ని బోనస్‌లు ఎవరికివ్వాలో లీడరు తేలుస్తాడు. ఆ బోనస్‌లు ఎక్కువ స్టార్లు తెచ్చినవాళ్లకే ఇచ్చే క్లాన్లున్నాయి, వంతులవారీగా ఇచ్చేవీ ఉన్నాయి. కొత్తవాళ్లను చేర్చి, బేస్ కట్టడం నేర్పి, అటాక్ వేయనివాళ్లను పేరు పెట్టి లేపే కో-లీడర్‌కు మాత్రం ఏ పట్టికలోనూ గడి లేదు. ఆ గడి కూడా కావాలని నా పట్టు. దాన్ని గీయాల్సింది క్లాన్ సభ్యులే.