డబ్లిన్‌లో నల్ల బీరు, మన్యంలో జీలుగు కల్లు

మేముండే డబ్లిన్ ఐర్లండ్‌లోది కాదు, కాలిఫోర్నియాలోది. 1850ల్లో ఐర్లండ్ నుంచి వచ్చి ఇక్కడ పశువుల మందలు పెట్టుకున్న మైకేల్ మర్రే, జెరెమయా ఫాలన్ వంటి వారి వల్ల ఆ పేరు నిలిచింది. వాళ్ళిచ్చిన స్థలంలో 1859లో కట్టిన సెయింట్ రేమండ్స్ చర్చి ఇప్పటికీ ఉంది. ఇప్పుడు నా చెవిన ఐరిష్ ఇంటిపేర్ల కంటే మన ఇంటిపేర్లే ఎక్కువ పడుతుంటాయనుకోండి. అయినా ఊరి పేరు మీద గౌరవం కొద్దీ నేను కొన్నేళ్ళుగా గరాజులో ఐరిష్ పద్ధతి నల్ల బీరు, అంటే డ్రై స్టౌటు, కాచుకుంటున్నాను. ఉగాది సంచికలో బీరు కబుర్లేమిటని పెద్దలు కోప్పడకపోతే, దీనికీ మన చరిత్రకీ ఉన్న చుట్టరికం చెబుతాను.

బీరుకు మూలం మాల్టు. అదేమీ వింత వస్తువు కాదు. రాగిమాల్టు కోసం మన అమ్మలు రాగులు నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి వేయించేవారు కదా, బార్లీకి చేసేదీ అదే. మొలకెత్తిన గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. అయిదు గాలన్ల స్టౌటుకు నేను వాడే ధాన్యంలో నూటికి డెబ్భై పాళ్ళు మామూలు మాల్టు, ఇరవై పాళ్ళు బార్లీ అటుకులు. మిగిలిన పది పాళ్ళు మొలకెత్తించకుండా కాఫీగింజల్లా నల్లగా వేయించిన బార్లీ. వీటిని 66 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర గంటసేపు వేడినీళ్ళలో ఉంచి, ఆ తియ్యనీళ్ళు వడగట్టి, హాప్స్ వేసి మరో గంట మరగకాచి, చల్లార్చి ఈస్టు కలపాలి. వారం పదిరోజుల్లో పులుస్తుంది. సీసాల్లో మరో రెండు మూడు వారాలు పెట్టాక తాగవచ్చు. నల్లగా ఉంది కనక మహా ఘాటు అనుకుంటారు గానీ, ఆల్కహాలు నూటికి నాలుగు పాళ్ళకు కాస్త అటూ ఇటూ. తరవాణి కుండ ఎరిగినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేముంది?

ఆ పది పాళ్ళ నల్లగింజ వెనుక ఒక పన్ను కథ ఉంది. ఆర్థర్ గిన్నెస్ 1759లో ఐర్లండ్ డబ్లిన్‌లో 9000 ఏళ్ళ కౌలుకు స్థలం తీసుకుని బీరు బట్టీ పెట్టాడు. (మా డాక్టర్లందరం వాడే టి-టెస్టును ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో 1908లో ప్రకటించిన గాసెట్ ఆ కంపెనీ ఉద్యోగే.) మాల్టును నల్లగా వేయించే యంత్రానికి డేనియల్ వీలర్ 1817లో పేటెంటు తీసుకున్నాడు. స్టౌటు నలుపు అక్కడినుంచి వచ్చింది. మాల్టు పన్ను ఎగ్గొట్టడానికే ఐరిష్‌వాళ్ళు మొలకెత్తని బార్లీ వాడారని బీరు కాచేవాళ్ళు సరదాగా చెప్పుకుంటారు. నిజానికి ఆ రోజుల్లో మాల్టు కాని ధాన్యం వాడటమే నేరం. 1880లో గ్లాడ్‌స్టన్ మాల్టు పన్ను తీసేసి, దాని బదులు బీరు మీదే పన్ను వేశాకే దానికి దారి దొరికింది. కుండలో ఏం వెయ్యాలో వంటవాడు కాక ఖజానా చెప్పిందన్నమాట.

అమెరికాలోనూ అంతే. 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం పోయాక, ఇంట్లో వైను చేసుకోనిచ్చారు గానీ బీరు చేసుకోనివ్వలేదు. 1978 అక్టోబరులో కార్టర్ సంతకం పెట్టిన చట్టం 1979 ఫిబ్రవరి 1న అమలయ్యాకే అది నేరం కాకుండా పోయింది. వయసొచ్చిన మనిషి ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరో అంతకు మించో ఉంటే 200 గాలన్లు. పన్ను లేదు, అయితే అమ్మకూడదు.

ఆ సంవత్సరం తలచుకుంటే నాకు దానికి నూరేళ్ళ ముందరి 1879 గుర్తుకొస్తుంది. మన బడి పుస్తకాల్లో 1922 నాటి అల్లూరి సీతారామరాజు పితూరీ ఉంది గానీ, దానికి ముందు అదే మన్యంలో జరిగిన రంప పితూరీకి అంత చోటు దొరకలేదు. కొండరెడ్లు, కోయలు తాటి, జీలుగు చెట్ల కల్లు తమ ఇంటి వాడకానికి గీసుకునేవారు. అది వాళ్ళకు తిండిలో భాగం. మద్రాసు ప్రభుత్వపు అబ్కారీ నియమాలు ఇంటికోసం గీసుకోవటాన్ని కూడా అడ్డుకుని, కల్లు రాబడిని గుత్తదారుల చేతికిచ్చాయి. రంప మున్సబుదారు చిగురుపన్ను పేరుతో చెట్టు మీద వసూళ్ళు సాగించాడు. పైన పోలీసుల పీడన. 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో జనం తిరగబడ్డారు. తమ్మన్నదొర వంటి నాయకుల వెనుక అది గొలుగొండ, భద్రాచలం కొండలదాకా పాకింది. అణచడానికి సైన్యాన్ని దింపవలసి వచ్చింది, 1880 దాకా పట్టింది. నా గరాజులో నేను పైసా కట్టకుండా అనుభవిస్తున్న హక్కు కోసమే వాళ్ళు ప్రాణాలిచ్చారంటే అతిశయోక్తి కాదనుకుంటాను.

తాగుడు సంసారాలను ఏం చేస్తుందో డాక్టరుగా నాకు తెలుసు. అందుకే ఒక తేడా చెప్పాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచింది ఎవరో తమ ఇంటికోసం గీసుకున్న కల్లు మీద కాదు. ప్రభుత్వం వేలంపాటలు పెట్టి ఊరూరా అమ్మించిన సారా మీద. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో, ఖజానాకు రాబడి చాలడం లేదని, దాన్ని సడలించారు.