పదహారు వన్నెల లెక్క



“పదహారు వన్నెల బంగారం” అని మనం మాటవరసకు అంటూనే వుంటాం. కొత్తకోడలు గుణవంతురాలైతే ఆమెనూ అలాగే అంటాం. ఆ పదహారు ఎక్కడిదని ఎప్పుడైనా ఆలోచించారా? ఏ కవిగారో అందం కోసం వేసిన అంకె కాదది. మేలిమికి క్యారెట్లలో 24 ఎలాగో, పూర్వం వన్నెల్లో 16 అలాగ. వర్ణమనే మాటే మన నోట వన్నె అయింది. ఈనాటి 18 క్యారెట్లు ఆనాటి 12 వన్నెలన్నమాట.

మా అమ్మమ్మది కోరుట్ల. పిన్ని పెళ్ళికి పాతనగలు మార్చాల్సివచ్చి అవుసలాయన్ని ఇంటికే పిలిపించారు. గొలుసు రెండు తులాలు, గుండ్లపేరు ఒక తులం, కమ్మలూ కడియమూ కలిసి ఇంకో తులం. ఆయన కడియాన్ని గీటురాయి మీద గీసి చూసి, “పది వన్నె, అన్నిటికీ ఇదే ధర” అన్నాడు. అక్షరం ముక్క రాని మా అమ్మమ్మ వూరుకుందా! “మూడింటికి ఒక్క తీరుగ ఎట్ల కడ్తవయ్యా? దేనికది గీటు వెట్టు, దేనికది తూకం వెయ్యి” అని కూచుంది. గీస్తే గొలుసు పదిహేను వన్నె, గుండ్లు పన్నెండు, కడిమది పది.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు పదిహేనులు ముప్ఫై, ఒక పన్నెండు, ఒక పది, మొత్తం 52. నాలుగు తులాలకు పంచితే 13 వన్నె. ఆయన అన్నట్టు అంతా పదే అనుకుంటే 40. తేడా 12. పదహారు వన్నెల మేలిమిలో చెప్పాలంటే ముప్పాతిక తులం! పెళ్ళికూతురి చేతికి రావలసిన ముప్పాతిక తులం మాటల్లో కరిగిపోయేది.

ఇంకో రకం కిటుకు కూడా వుంది. “పదిహేను, పన్నెండు, పది కూడి మూడుతో పంచుదాం” అంటారు. వినడానికి న్యాయంగానే వుంటుంది. కానీ పన్నెండుంబావు, ఇంకొంచెం అంతే వస్తుంది. గొలుసు రెండు తులాలన్న సంగతి అందులో ఎగిరిపోయింది కదా! బరువుతో హెచ్చవేసి, కూడి, మొత్తం బరువుతో పంచడమే అసలు సూత్రం.

ఈ సూత్రాన్ని గ్రంథానికెక్కించినవాళ్ళలో మహావీరాచార్యుడొకడు. జైనుడు. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో ‘గణితసారసంగ్రహం’ రాశాడు. అందులో వడ్డీలూ, బంగారం కలపడాలూ అన్నీ ‘మిశ్రక వ్యవహారం’ అనే అధ్యాయంలో పెట్టాడు. అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటం, అంటే మన మల్ఖేడు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే వుండేది. సిరిసిల్లకు పక్కనే వున్న వేములవాడలో ఏలిన చాళుక్యులు ఆ రాష్ట్రకూటులకే సామంతులు. కరీంనగరు నుంచి జగిత్యాల వెళ్ళే దారిలో, గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనం వుంది, అందులో తెలుగు కందపద్యాలున్నాయి. మహావీరుడు మన వూళ్ళకు వచ్చాడని నేననడం లేదు గానీ, ఆ రాజ్యమూ ఆ మతమూ మాత్రం ఇక్కడివే.

తర్వాత పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణితగ్రంథమని దానికి పేరు. లెక్కలు కూడా పద్యాల్లోనా అని మా అమ్మాయి నవ్వుతుంది. నోటికి వస్తే పలకతో పనేముంది?

1150లో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో ఇచ్చిన లెక్క ఇంకా ముచ్చటైనది. 13, 12, 11, 10 వన్నెల బంగారం వరసగా 10, 4, 2, 4 మాషాలు కలిపితే? మొత్తం 240, ఇరవై మాషాలకు 12 వన్నె. దాన్నే పుటం పెట్టి మేలిమి చేస్తే పదిహేను మాషాలే మిగులుతుంది.

తిరగేసిన లెక్క కూడా ఆయన చెప్పాడు. వంటింటి మాటల్లో చెబుతాను. కిలో 60 రూపాయల జగిత్యాల సన్నాలూ, 40 రూపాయల బియ్యమూ కలిపి కొట్టాయన 52కి ఇస్తున్నాడనుకోండి. పది కిలోల్లో సన్నాలెన్ని? మా అమ్మాయి ఎక్స్ అని పెట్టుకుని కాగితం నింపుతుంది. పాతపద్ధతి చిటికెలో అయిపోతుంది. 52లోంచి 40 తీస్తే 12, అది సన్నాల వంతు. 60లోంచి 52 తీస్తే 8, అది రెండో రకం వంతు. పన్నెండుకు ఎనిమిది, అంటే ఆరు కిలోలకు నాలుగు. అంతకన్నా సన్నాలు తక్కువ కలిపాడంటే మన డబ్బు వాళ్ళ గల్లాపెట్టెలో వున్నట్టే.

2021 జూన్ 16 నుంచి కొత్తనగలకు హాల్‌మార్కు తప్పనిసరి చేశారు, మంచిదే. మీ అత్తగారిచ్చిన పాతనగలకు ఆ ముద్ర వుండదుగా! మార్చేటప్పుడు కాగితమూ పెన్సిలూ తీసుకెళ్ళండి. కొట్టువాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీండి. ఆనాడు అవుసలాయనా విసుక్కున్నాడు. అయినా మూడు గీట్లూ వేరువేరుగా గీశాడు, మా అమ్మమ్మ చిమ్నీ దీపం దగ్గరికి జరిపి పట్టుకుంటే.