ఒరిజినలా, డూప్లికేటా? మత్సుమోతో గిటార్ల కథ

కోఠీలో ఛార్జర్ కొన్నా, బీసెంట్ రోడ్డులో చెప్పులు కొన్నా మన నోట మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "ఒరిజినలా, డూప్లికేటా?" వస్తువు గురించి అడుగుతున్నామని అనుకుంటాం. నిజానికి అడిగేది దాని మీదున్న పేరు గురించి. ఆ పేరుగల కంపెనీ నుంచే వచ్చిందా అని. చేసిందెవరు అని మాత్రం అడగం.

ఈ వారం ఆ అడగని ప్రశ్న గురించి రాస్తున్నాను. తీసుకున్న ఉదాహరణ మీలో చాలామందికి కొత్తది కావచ్చు: 1970లలో జపాన్‌లో తయారైన అమెరికన్ జాజ్ గిటార్ల నకళ్లు. నాకు గిటారు వాయించడం రాదు. రాత్రిపూట వెస్ మోంట్‌గోమరీని వింటూ పరీక్ష పేపర్లు దిద్దుకునే తెలుగు లెక్చరర్ని. వినగా వినగా ఆ శబ్దం పుట్టే చెక్కపెట్టె మీద మనసు పడింది. దాని చరిత్ర చదువుతుంటే, ఇది సంగీతం వాళ్లకు మాత్రమే సంబంధించిన కథ కాదనిపించింది.

ముందు వస్తువేమిటో చూద్దాం. మన సినిమాల్లో హీరో భుజానికి తగిలించుకునే గిటారుకు ముందుపలక చదునుగా ఉంటుంది, మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంటుంది. జాజ్ గిటారు అలా ఉండదు. వయొలిన్‌కు ఉన్నట్టు ముందూ వెనకా పలకలు ఉబ్బెత్తుగా ఉంటాయి. తీగలకు రెండు పక్కలా ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఆకారంలో కోసిన రంధ్రాలుంటాయి. లోపలంతా బోలు. అందుకే హాలోబాడీ అంటారు.

ఈ రకం గిటారుకు పుట్టిల్లు అని అందరూ చెప్పే ఊరు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ. కంపెనీ పేరు గిబ్సన్. ఆ పేరుగల మనిషి ఆర్విల్ గిబ్సన్ చెప్పుల దుకాణంలో గుమాస్తాగా పనిచేసినవాడు. వయొలిన్ పలకను ఉలితో చెక్కినట్టు మాండలిన్ పలకను చెక్కితే ఎలా ఉంటుందని ప్రయత్నించి, 1898లో పేటెంట్ తీసుకున్నాడు. 1902లో కొందరు వ్యాపారులు కలిసి ఆయన పేరుతో కంపెనీ పెట్టారు. పేటెంట్‌కు డబ్బిచ్చారు. భాగస్వాముల జాబితాలో ఆయన లేడు. గమనించండి, పేరొకరిది, కంపెనీ ఇంకొకరిది కావడం ఈ కథలో మొదటి రోజునుంచీ ఉంది.

1922లో లాయిడ్ లోర్ ఆధ్వర్యంలో అదే కంపెనీ ఎల్-5 అనే గిటారు తెచ్చింది. ఎఫ్ రంధ్రాలు దానికే పెట్టారు. ఆ రంధ్రాలు వయొలిన్‌వి. ఉబ్బెత్తు పలక కూడా వయొలిన్‌దే. అంటే ఈ రోజు లక్షలు పోసి కొనే 'ఒరిజినల్' కూడా ఇంకో వాయిద్యాన్ని చూసి నేర్చుకున్నదే. అందులో తప్పేమీ లేదు. చేతిపని అంతా అలాగే పెరుగుతుంది. కాకపోతే అమెరికా ఇటలీ వయొలిన్‌ను చూసి చేస్తే దానికి పేరు ఆవిష్కరణ. జపాన్ అమెరికా గిటారును చూసి చేస్తే దానికి పేరు నకలు.

ఇంకో మాట. ఆ పెట్టెకు విలువ తెచ్చిందెవరు? 1936లో గిబ్సన్ ఈఎస్-150 అనే ఎలక్ట్రిక్ గిటారు తెచ్చింది. దాన్ని చేతపట్టి, వెనక తాళం వేసే వాయిద్యాన్ని ముందుకొచ్చి మాట్లాడే వాయిద్యంగా మార్చినవాడు చార్లీ క్రిస్టియన్ అనే నల్లజాతి యువకుడు. క్షయతో 1942లో, 25 ఏళ్లకే చనిపోయాడు. వెస్ మోంట్‌గోమరీ ఇండియానాపొలిస్‌లో పగలు ఫ్యాక్టరీలో పనిచేసి రాత్రి క్లబ్బుల్లో వాయించినవాడు. ఎల్-5 గొంతు ఇలా ఉంటుందని ప్రపంచానికి తెలిసింది ఆయన బొటనవేలి వల్ల. ఇక చెక్క చెక్కిన చేతులు? రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి పోతే కలమజూ ఫ్యాక్టరీలో గిటార్లు చేసినవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు. దశాబ్దాల పాటు గిటారు చరిత్రల్లో వాళ్ల ఊసే లేదు.

అసలు మలుపు 1949లో వచ్చింది. ఆ ఏడు గిబ్సన్ ఈఎస్-175 తెచ్చింది. పేరులోని అంకె దాని ధర, 175 డాలర్లు. ఎల్-5కు స్ప్రూస్ చెక్కను ఉలితో, చిత్రికతో చెక్కి ఉబ్బెత్తు పలక తీయాలి. ఎక్కడ ఎంత మందం ఉంచాలో పనివాడి వేళ్లకే తెలుస్తుంది. ఈఎస్-175కు ఆ బాధ లేదు. పల్చటి చెక్కపొరల్ని జిగురుతో అతికించి, అచ్చులో పెట్టి నొక్కితే ఉబ్బెత్తు పలక వచ్చేస్తుంది. మన మాటలో చెప్పాలంటే ప్లైవుడ్. ఖర్చు తగ్గింది. ఆంప్లిఫయర్ శబ్దానికి బోలు పెట్టె కంపించి కీచుమని అరిచే జబ్బూ కొంత తగ్గింది. జిమ్ హాల్, జో పాస్ లాంటి పెద్దవాళ్లు ఆ ప్లైవుడ్ గిటారుతోనే జాజ్ చరిత్రలో నిలిచారు.

ప్లైవుడ్‌ను అచ్చులో నొక్కే పని ప్రపంచంలో ఇంకెవరికి బాగా వచ్చు? బల్లలు, బీరువాలు చేసేవాళ్లకు.

ఇప్పుడు జపాన్‌కు వెళదాం. నగానో రాష్ట్రంలో కొండల నడుమ మత్సుమోతో అనే ఊరుంది. చెక్కసామాన్లకు పాతకాలం నుంచీ పేరున్న ఊరు. యుద్ధం తర్వాత అక్కడ మత్సుమోకు అనే చెక్క కంపెనీ సింగర్ కుట్టుమిషన్లకు పెట్టెలూ బల్లలూ చేసేది. అదే కంపెనీ తర్వాత గిటార్లకు దిగింది. 1960లో అదే ఊళ్లో ఫుజిగెన్ అనే మరో ఫ్యాక్టరీ మొదలైంది. మొదట క్లాసికల్ గిటార్లు, తర్వాత ఎలక్ట్రిక్. పికప్‌లు చేసే మాక్సన్ కూడా ఆ ఊరిదే. అప్పట్లో డాలరుకు 360 యెన్లు. 1949 నుంచి 1971 దాకా ఆ రేటు కదల్లేదు. అమెరికా దుకాణంలో జపాన్ సరుకు చవగ్గా ఉండటానికి కూలి ఒక్కటే కారణం కాదు, ఈ మారకపు రేటు కూడా కారణం.

ఈ ఫ్యాక్టరీలు చేసిన గిటార్ల తలమీద ఫ్యాక్టరీ పేరు ఉండదు. ఐబనెజ్ అని ఉంటుంది, గ్రెకో అని ఉంటుంది, ఆరియా అని, బ్రిటన్‌కు వెళ్తే ఆంటోరియా అని ఉంటుంది. ఐబనెజ్ పేరునే చూడండి. నగోయాలో 1908లో ఒక పుస్తకాల దుకాణం తాలూకు వాయిద్యాల విభాగంగా మొదలైన హోషినో గక్కి, 1929లో స్పెయిన్‌కు చెందిన సాల్వదోర్ ఇబాన్యెజ్ గిటార్లు దిగుమతి చేసుకుంది. తర్వాత సొంత గిటార్లకు ఆ పేరే పెట్టుకుంది. పేరు స్పెయిన్‌ది, వ్యాపారం నగోయాది, ఆకారం కలమజూది, చెమట మత్సుమోతోది. నాలుగింటిలో తలమీద కనపడనిది ఒక్క మత్సుమోతో.

1970ల మొదట్లో వచ్చిన నకళ్లలో చాలావాటికి మెడను బోల్టులతో బిగించేవారు. గిబ్సన్‌లో మెడ జిగురుతో పెట్టెలోకి దిగి ఉంటుంది. ఫోటో చూసి ఆకారం దించొచ్చు. మెడ ఏ కోణంలో వంగాలో, లోపల పట్టీ ఎక్కడ అతకాలో ఫోటోలో కనపడదు. కొన్నేళ్లలో బోల్టులు పోయి జిగురు కీళ్లు వచ్చాయి, పికప్‌లు మెరుగయ్యాయి. ఈఎస్-175ను చూసి చేసిన ఐబనెజ్ 2355 లాంటి మోడళ్లు వాయించేవాళ్ల మెప్పు పొందాయి. అదే సమయంలో అసలు గిబ్సన్ నాణ్యత పడిపోయిందని అమెరికా వాయిద్యకారులే గొణిగారు. నకలు అనే మాట దులిపి చూస్తే లోపల ఉన్నది పదేళ్ల చదువు. బడి లేదు, గురువు లేడు. ఎదుట ఉన్న వస్తువే పాఠం.

ఇందులో మోసమేమీ లేదా అంటే ఉంది. కొన్ని గ్రెకో గిటార్ల మీద అక్షరాల్ని దూరం నుంచి చూస్తే గిబ్సన్ అని చదివేటట్టు రాశారు. అది చేతిపని నేర్చుకోవడం కాదు, పేరును దొంగిలించడం. ఈ రెండింటినీ కలిపి చూడకూడదు. నేర్చుకోవడాన్ని దొంగతనం అనకూడదు, దొంగతనాన్ని నేర్చుకోవడం అనీ అనకూడదు.

చివరికి విషయం కోర్టుకు వెళ్లింది. 1977 జూన్‌లో గిబ్సన్ యజమాని నార్లిన్, ఐబనెజ్ అమెరికా పంపిణీదారు ఎల్గర్ మీద ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. దేని మీద? శబ్దం మీద కాదు. ఉబ్బెత్తు పలక మీదా కాదు. గిటారు తల చివర తెరిచిన పుస్తకంలా ఉండే వంపు మీద. అప్పటికే ఐబనెజ్ ఆ వంపు మార్చేస్తోంది. 1978లో రాజీ కుదిరింది. దావా వేసిన నార్లిన్ ఎవరనుకున్నారు? 1969లో గిబ్సన్ మాతృసంస్థను కొన్నది ఈక్వడార్‌లో బీరు వ్యాపారంతో ఎదిగిన కంపెనీ. దాని కొత్త పేరే నార్లిన్. ఉలి పట్టనివాళ్లకే 'ఒరిజినల్' మీద హక్కు దఖలు పడింది.

దావాకు ముందే జరిగిన సంగతి ఒకటి ఉంది. ఎపిఫోన్ అని గిబ్సన్‌కు గట్టి పోటీ ఇచ్చిన పాత కంపెనీ. గ్రీసు నుంచి వలస వచ్చిన కుటుంబానిది. 1957లో గిబ్సన్ దాన్ని కొనేసింది. 1970 నుంచి ఎపిఫోన్ గిటార్లు చేయించింది ఎక్కడ? జపాన్‌లో. అందులో మత్సుమోకుకు పెద్ద వాటా. అంటే మత్సుమోతో చేతులు ఆరియా అని రాస్తే నకలు, అవే చేతులు ఎపిఫోన్ అని రాస్తే ఒరిజినల్. 1982లో ఫెండర్ ఫుజిగెన్‌తో గిటార్లు చేయించుకుంది. 1988 నుంచి పదేళ్లు గిబ్సన్ అనుమతితోనే 'ఆర్విల్' గిటార్లు జపాన్‌లో తయారయ్యాయి. వాటిలో బోలు గిటార్లు చేసిన తెరాడ ఫ్యాక్టరీయే 1989 నుంచి గ్రెచ్ గిటార్లూ చేసింది. భాగస్వామ్యం దొరకని ఆర్విల్ పేరు, తొమ్మిది దశాబ్దాల తర్వాత ఇంకో దేశపు పనివాళ్ల పనిమీద అతికింది.

ఇప్పుడు కలమజూ సంగతి. 1984లో గిబ్సన్ ఆ ఫ్యాక్టరీ మూసి పని మొత్తం టెనెసీలోని నాష్‌విల్‌కు తరలించింది. ఊరు విడిచిపోలేని కొందరు పనివాళ్లు 1985లో అదే భవనంలో హెరిటేజ్ పేరుతో గిటార్లు చేయడం మొదలుపెట్టారు. అదే ఇల్లు, అవే చేతులు, అదే రకం గిటారు. తలమీద గిబ్సన్ అని మాత్రం రాయకూడదు. ఇప్పుడు చెప్పండి, ఏది ఒరిజినల్, ఏది డూప్లికేట్? క్లాసులో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు కాసేపు మాట్లాడలేదు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అంది, "సార్, ఒరిజినల్ అంటే కాగితమే కదా." నేను దానికి కలపాల్సింది ఏమీ లేకపోయింది.

పరిశోధన రోజుల్లో నేను తాళపత్రాల మధ్య పనిచేశాను. తిక్కన తన చేత్తో రాసిన ఆకు ఒక్కటీ మన దగ్గర లేదు. మనకున్నవన్నీ ప్రతులు, ప్రతులకు ప్రతులు. గంటం పట్టి ఆకు ఆకూ ఎత్తి రాసినవాళ్లు లేకపోతే మూలమే లేదు. అయినా వాళ్లలో ఎక్కువమంది పేర్లు మనకు తెలియవు. అందుకే 'ప్రతి' అనే మాటను నేను తక్కువగా చూడలేను.

నకలుతో మొదలైనవాళ్లు ఎక్కడికి చేరారో కూడా చెప్పాలి. జార్జ్ బెన్సన్ పెద్ద వేదికల మీద వాయించే కొద్దీ పెద్ద బోలు గిటారు కీచుమనేది. ఆయన అవసరం విని, ఐబనెజ్ 1970ల చివర్లో చిన్న పెట్టెతో, పలకను తాకకుండా తేలే పికప్‌లతో జీబీ10 తయారు చేసింది. అది ఏ అమెరికన్ గిటారుకూ నకలు కాదు. ఇప్పటికీ తయారవుతోంది. ఎదురుగా చూసి నేర్చుకున్నవాళ్లకు అవకాశమిచ్చి, వాళ్ల మాట వినేవాళ్లు దొరికితే ఇలాంటిది పుడుతుంది.

ఆ తర్వాత 1985 నుంచి యెన్ విలువ పెరిగింది. చవక పని కొరియాకు, అక్కడినుంచి చైనా, ఇండొనీషియాలకు పోయింది. 1987లో మత్సుమోకు మూతబడింది. పేర్లు బతికాయి. చేతులు మారాయి.

ఇప్పుడు ఆ పాత జపాన్ గిటార్లకు మళ్లీ గిరాకీ వచ్చింది. అమ్మేవాళ్లు వాటిని 'లాసూట్ గిటార్' అంటారు, దావా గిటారు అని. తలవంపు మీద ఒకే ఒక్క దావా పడితే, ఆ దశాబ్దపు జపాన్ గిటార్లన్నిటికీ ఆ ముద్ర వేశారు. 'గిబ్సన్‌నే భయపెట్టింది చూడండి' అని ధర పెంచుతారు. మెచ్చుకోవడానికి కూడా గిబ్సన్ పేరే కావలసి వచ్చింది. మత్సుమోతో పేరు మెప్పులోనూ రాలేదు.

మిత్రులారా, మీలో రేపు పరిశోధనలు చేసేవాళ్లున్నారు. ఒక మగ్గం గురించి రాసినా, డప్పు గురించి రాసినా, ఒక పాట గురించి రాసినా, ముందు ఏ పేరు మీద చలామణి అయ్యిందో రాయండి. అక్కడ ఆగకండి. ఎవరు చేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎంత కూలి ముట్టింది, పని ఎక్కడికి తరలిపోయింది, ఈ నాలుగూ అడగండి. జవాబు దొరికిన చోట పేర్లతో సహా రాయండి.