భువనవిజయమున నడుగఁదగిన ప్రశ్న

భువనవిజయ మను సాహిత్యరూపకమును జూడని పండితుఁడు నేఁడు తెలుఁగునాట నరుదు. ఒకరు శ్రీకృష్ణదేవరాయలై సింహాసన మధిష్ఠింతురు. ఒకరు తిమ్మరుసు మంత్రియై కొలువు నడపుదురు. ఎనమండుగురు పెద్దనాదుల వేషములు దాల్చి యిరుప్రక్కలఁ గూర్చుందురు. రాయలు సమస్య నిచ్చును, వర్ణన మడుగును, ఒక కవిపై నింకొక కవిని బురికొల్పును. ఆయా వేషధారి తాను దాల్చిన కవి స్వభావమునకుఁ దగినట్లు అప్పటికప్పుడు పద్యము చెప్పవలెను. నాటకమువలె సంభాషణలన్నియు ముందుగా వ్రాయఁబడి యుండవు. అవధానమువలె తన పేరుతోఁ దాను గూర్చుండుటయుఁ గాదు. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున నిది కళాశాలల వార్షికోత్సవములు మొదలుకొని యమెరికాలోని తెలుఁగువారి మహాసభల దాఁక వ్యాపించినది. ఆ ప్రయోగచరిత్రను వేఱొకరు వ్రాయుదురు గాక. నే నిచ్చట విచారింపఁదలఁచినది చిన్న విషయము. ఆ సభలో నే ప్రశ్న యడుగఁదగును? ఏది తగదు? తగదని త్రోయువాఁడు దేనినిబట్టి త్రోయవలెను?

ఈ విచారమునకుఁ గారణము స్వానుభవము. కొన్ని యేండ్ల క్రిందట మా కె. గంగవరమున నుపాధ్యాయులము కొందఱము గలిసి యీ రూపకమును బ్రదర్శించితిమి. రాయ లొక్కఁడే యడుగుటకంటె సభికులును నడిగినచో రక్తి కట్టునని యెవరికో తోఁచినది. అడుగఁదలఁచినవారు తమ ప్రశ్నను జీటిపై వ్రాసి ముందుగా నొక పెట్టెలో వేయవలె నని నిర్ణయమైనది. వ్యాకరణము చదివినవానికి దాక్షిణ్య ముండదనియో యేమో, ఆ చీటులను వడపోయు పని నాకప్పగించిరి.

చీటులు విప్పినకొలఁది నాకుఁ దెలియవచ్చిన దేమన, మనము భువనవిజయ మని యొక్క పేరుతోఁ బిలుచునవి నిజమునకు రెండు సభలు.

మొదటిది చరిత్రలోని కొలువుకూటము. రాయలు క్రీ. శ. 1509 మొదలు 1529 వఱకు రాజ్యము చేసెను. ఆయన సభకు భువనవిజయ మను పేరు మనుచరిత్రావతారికయందు వినఁబడును. 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుఁడు డొమింగో పాయెస్, ఓఢ్రవిజయానంతరము కట్టింపఁబడిన విజయగృహ మొకదానిని వర్ణించెను; మహానవమి యుత్సవములను, ఏనుఁగులను, గుఱ్ఱములను, స్త్రీల యాభరణములను గన్నులార జూచి వ్రాసెను; తెలుఁగు కవుల మాట మాత్ర మెత్తలేదు. భాష తెలియని పరదేశికిఁ బద్యము వినఁబడినను అది కోలాహలములో నొక భాగముగానే యుండును గదా! కడపమండలములోని తిప్పలూరు శాసనమును అష్టదిగ్గజకవుల విషయమునఁ బరిశోధకు లుదాహరింతురు. కాని సంప్రదాయము చెప్పు నెనిమిది పేరులను నిలుపుటకు మనకు ముఖ్యాధారములు కావ్యముల యంకితములే.

ఆ యంకితములు చెప్పునది వినుఁడు. పెద్దన మనుచరిత్రమును, తిమ్మన పారిజాతాపహరణమును రాయలకే యంకితము చేసిరి. మాదయగారి మల్లన తన రాజశేఖరచరిత్రమును దిమ్మరుసు మేనల్లుఁడగు నాదెండ్ల యప్పామాత్యున కిచ్చెను. ఇది రాయల కాలమునకు దగ్గఱయే. ధూర్జటి నరాంకిత మొల్లక శ్రీకాళహస్తీశ్వరుని నాశ్రయించెను. ఇంతవఱకు బాధ లేదు. అయ్యలరాజు రామభద్రుని రామాభ్యుదయము గొబ్బూరి నరసరాజునకు, పింగళి సూరన కళాపూర్ణోదయము నంద్యాల కృష్ణమరాజునకు, తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యము విరూరి వేదాద్రికి నంకితములు. వీనిఁ బట్టి చూడఁగా కవుల తరము మాఱుచున్నట్లు కనఁబడును. ఇఁక రామరాజభూషణుని వసుచరిత్ర మన్ననో, తిరుమలదేవరాయల కంకితము. 1565 లో రక్కసితంగడి యుద్ధమున విజయనగరము చెడినపిమ్మట పెనుగొండ నాశ్రయించి రాజ్యమును నిలిపిన తిరుమలరా యాయన. అప్పటికి కృష్ణరాయలు గతించి ముప్పదియాఱేండ్లు. కావున నా యెనమండ్రు నొక్కనాఁడు, ఒక్క కూటమున, ఇరుప్రక్కల గూర్చుండిన చిత్రము చరిత్రమున కతుకదు.

రెండవది సంప్రదాయములోని సభ. దానిని గట్టినవి చాటువులు, వానినంటిన కథలు. రెండు భాషలయందును సమానముగఁ గవిత చెప్పఁగలవానికని రాయలు గండపెండేరమును బళ్ళెరమున నుంచుట, పెద్దన లేచి మాలిక చదువుట, తిరుమలదేవి పాదములు రాయల చిత్రపటమువైపు సోఁకుటచేఁ గలిగిన యలుకను దీర్చుటకుఁ దిమ్మన పారిజాతకథను జేపట్టుట, రామలింగని వికటత్వము, ఇవన్నియు నీ రెండవ సభలోని సంగతులు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారివంటి మహాపండితులు చాటుపద్యములను దేశమంతటినుండి యేఱి కూర్చుట వానిని జరిత్రముగ నమ్మి కాదు; తెలుఁగుజాతి తన కవులను దలఁచుకొన్న తీరు వానిలో నున్నదని. మన రూపకము ప్రదర్శించునదియు నీ రెండవ సభనే. అందులకు సిగ్గుపడఁ బనిలేదు. నిజమైన కొలువును యథాతథముగఁ జూపవలె నన్నచో సగము పీఠములు ఖాళీగా నుండును.

మఱి యీ సభలోఁ గూర్చున్నవానిని ఏమి యడుగవలెను? ఆ రాత్రి నాకు శాస్త్రములోని యొక మాట సాయపడినది. పాణినీయాష్టాధ్యాయి చివరి మూఁడు పాదములకు త్రిపాది యని వ్యవహారము. అంతకు ముందున్న సూత్రము ప్రవర్తించు సమయమున, త్రిపాదిలోఁ జెప్పిన కార్యము జరిగియున్నను జరుగనట్లే యెంచవలె నని యాచార్యుఁ డధికారము చేసెను. దీనినే యసిద్ధత్వ మందురు. అసిద్ధ మనఁగా నసత్య మని కాదు. విద్యార్థు లిక్కడనే పొరపడుదురు. కార్యము జరిగినది, పదమునఁ గనఁబడుచునే యున్నది. ముందు సూత్రమునకు దానిని జూచు కన్ను లేదు, అంతియే. అట్లే పెద్దన వేషము దాల్చినవానికి 1565 అసిద్ధము. మన ముద్రణాలయములు, విశ్వవిద్యాలయములు, కవులచరిత్రములు, ఆయన కాలనిర్ణయమును గూర్చి మనము పడిన పాట్లు, అన్నియు నసిద్ధములు. వేషధారి వానిని దెలిసియుఁ దెలియనివాఁడుగ నుండవలెను. కావున వానినుండి పుట్టిన ప్రశ్న యాతని నడుగఁదగదు. ఇట్లని నిశ్చయించుకొని చీటులను వేఱుచేయ నారంభించితిని.

చాలవఱకుఁ బని సులువుగనే సాగినది. పెద్దన యే సంవత్సరమునఁ బుట్టెనని పెద్దననే యడిగినవారు గలరు, త్రోసితిని. మా పొరుగున నున్న కోటిపల్లి రేవున రాయలు గౌతమీస్నానము చేసెనా యని యొక పెద్దమనుష్యుఁ డడిగెను. ఊరిమీఁది మమకారము! రాయల గజపతివిజయయాత్రకు 1516 నాఁటి సింహాచలశాసనము సాక్షి. ఆ సాక్షి సింహాచలమునకుఁ జెందినదేకాని కోటిపల్లికిఁ జెందినది కాదు. వేషధారి సభాముఖమున ఔనన్నచో మఱునాఁటికది స్థలపురాణ మగును. కావున దానినిఁ ద్రోసితిని. ఈ ద్రోపునకు నే నెన్నఁడును జింతింపలేదు.

ఒక చీటి మాత్రము నా నియమమును దిద్దినది. రాజులను నంతగా నిందించిన శతకకారుఁడవు, రాజసభలో నేల కూర్చుంటివని ధూర్జటి నడిగినది యది. మొదట దానిని జారిత్రక సందేహ మనుకొని త్రోయఁబోయితిని. నిజముగ నది చారిత్రక సందేహమే. ధూర్జటి రాయల సభలో నుండెనా లేదా యను వివాదమునకు వేరు తాఁకు ప్రశ్న. అయినను ధూర్జటి ధూర్జటిగానే దానికి సమాధానము చెప్పఁగలఁడు! వెనుక జరుగఁబోవు దేదియు నాతఁ డెఱుఁగ నక్కఱలేదు. నాఁటి సభలో నా వేషము దాల్చిన మిత్రుఁడు లేచి, కొంతసే పూరకుండి, రాజునువైపు జూడక పద్యము చెప్పెను. ఆ రాత్రి రూపక మంతటికి నదియే ప్రాణము. కాఁబట్టి ప్రశ్నలోని విషయము చరిత్రమా కథయా యని చూచుట పొరపాటు. అడుగఁబడినవాఁ డెక్కడ నిలిచి చెప్పఁగలఁడో చూడవలెను.

ఇఁక నా తప్పు.

తిమ్మనను ముక్కుతిమ్మన యనుటకుఁ గారణముగఁ జెప్పు కథ పండితులెల్ల రెఱిఁగినదే. నాసికను వర్ణించుచుఁ దిమ్మన యొక పద్యము చెప్పెననియు, దానిని రామరాజభూషణుఁడు సొమ్మిచ్చి కొని తన వసుచరిత్రమునఁ జేర్చుకొనెననియు లోకప్రవాదము. మా రూపకమున నీ బేరమునకుఁ బెద్ద స్థాన మిచ్చితిమి. తిమ్మన వేషధారి తన ముక్కును దడవుకొనుట, భట్టుమూర్తి వేషధారి మూట విప్పుట, సభ గొల్లుమనుట, అన్నియు ముందే కుదుర్చుకొన్నవి. తొమ్మిదవ తరగతి బాలుఁ డొకఁడు చీటిలో నిట్లడిగెను: వసుచరిత్రము తిరుమలరాయల కంకిత మని మా పాఠములోఁ జెప్పితిరి, కృష్ణరాయల సభలో భట్టుమూర్తి యింకను వ్రాయని పుస్తకమునకుఁ బద్యము నెట్లు కొనెను?

నేను దానిని ద్రోసితిని. తిరుమలరాయల సంగతి సభలోనివారి కసిద్ధము, కావునఁ బ్రశ్న యనర్హ మని నా తర్కము. సభ ముగిసినపిమ్మట నా బాలుఁడు వచ్చి, "అయ్యగారూ, నా ప్రశ్న తప్పా?" యని యడిగెను. "తప్పు కాదురా, ఈ సభకుఁ దగదు" అంటిని. వాఁడు తల యూఁచి పోయెను. మఱుసటి యేఁడు పెట్టెలో వాని చీటి లేదు. అడుగఁగా, తనకుఁ దగిన ప్రశ్న లేవో తెలియ లేదనెను.

ఆ మాట నన్నుఁ జాలదినములు వదలలేదు. తుదకు నా తర్కమును శాస్త్రమున కొప్పించి చూచుకొంటిని. ముందు సూత్రమునకుఁ ద్రిపాది యసిద్ధ మన్నచో ఎల్లవేళల నసిద్ధమే. కావలసినప్పుడు త్రిపాదిలోని రూపమును దెచ్చి వాడుకొని, ఎదుటివాఁ డా రూపమునే చూపి ప్రశ్నించినప్పుడు అసిద్ధ మనుట వైయాకరణుఁడు చేయరాని పని. మేము చేసిన దదియే. వసుచరిత్రమును మా సభలోనికి మొదటఁ దెచ్చినది బాలుఁడు కాదు, మేము. ఆ పుస్తకము లేనిదే బేరము లేదు, బేరము లేనిదే మా హాస్యము లేదు. పుస్తకమును సిద్ధముగ వాడుకొని, దాని యంకితమును మాత్ర మసిద్ధ మంటిమి. ప్రశ్నను ద్రోసి కథను నిలిపితిని. నిజమునకు రెండును ద్రోయవలెను, లేదా రెండును నిలుపవలెను.

దీనిని గూర్చి మిత్రులతో వాదము జరిగినది. రసభంగకరము లగు ప్రశ్నల నన్నిటిని ద్రోయుటయే మేలని యొకరు పట్టుపట్టిరి. సభ రంజింపవలెఁగాని పరీక్ష కాదని వారి మతము. వారి మాటలో సత్యము లేకపోలేదు. కాని మన పూర్వులు అష్టావధానమున నప్రస్తుతప్రసంగికే యొక యాసన మిచ్చిరి. అసందర్భముగ మాటలాడువాని కంత గౌరవ మిచ్చిన జాతి, సందర్భమున లోపము చూపినవానిని ద్వారమువద్ద నాపుట యేమి న్యాయము? ఇంకొకరు ముక్కు కథను రూపకమునుండి తీసివేయుదమనిరి. దానికిని నాకు మనసొప్పలేదు. కథ కల్పితమైనను, ఒక మంచిపద్యము తమ కవి సొమ్ము కావలె నని రెండు పక్షములవారు తగవులాడిన జాడ దానిలో నున్నట్లు నాకుఁ దోఁచును. దానిని బోఁగొట్టుకొనుట లాభము కాదు. మఱి దానిని జరిత్రముగ నమ్మినచో నష్ట మల్పమా? నేను దిద్దిన యుత్తరపత్రములలో ముక్కుపద్య విక్రయమును రాయల పరిపాలనాకాల సంఘటనగ వ్రాసినవి పలుమాఱు కనఁబడినవి. ఆ బాలు రెక్కడఁ జూచి నేర్చిరో నే నడుగనక్కఱలేదు.

ఇప్పుడు మా యూర జరుగు పద్ధతి యిది. చీటుల పెట్టె యొక్కటియే. వేషధారి వేషములో నుండి చెప్పఁగలవానిని మంత్రి చేతికిత్తును. చెప్పలేనివానిని నాయొద్ద నుంచుకొందును, చింపను. సభ ముగిసినపిమ్మట కిరీటములు దీసి, మొగముల రంగు కడుగుకొని, అందఱము వేదికమీఁదనే చాఁప పఱచుకొని కూర్చుందుము. అప్పుడు భట్టుమూర్తి భట్టుమూర్తి గాఁడు, మా తెలుఁగు మాస్టరు. మిగిలిన చీటులను జదివి, తెలిసినదానికి సమాధానము చెప్పుదుము. తెలియనిదానిని దెలియదని చెప్పుదుము. ఇంటికిఁ బోవువారు పోవుదురు, ఉండువా రుందురు. మొదటిసారి యట్లు కూర్చున్ననాఁడు నేను దాఁచియుంచిన పాత చీటినే ముందుగ విప్పితిని. ఆ బాలుఁ డప్పటికిఁ గళాశాలలోఁ జేరెను. ఆ రాత్రి సభకు వచ్చియుండెను. తిమ్మన వేషధారి చీటి విని నవ్వి, ఇన్నియేండ్లు తానా బేర మాడుచున్నను బుస్తకము సంగతి తనకుఁ దట్టలేదనెను. బాలుఁడు లేచి, నంద్యాల కృష్ణమరాజునుగూర్చి యింకొక ప్రశ్న వేసెను. దానికి సమాధానము మాలో నెవరికిని సరిగాఁ దెలియలేదు.