కోరంగి రేవు – గోదావరి మొగలు



బర్మా దేశంలో తెలుగువారిని చాలాకాలం ‘కోరంగీలు’ అని పిలిచేవారు. గంజాం నుంచి వెళ్ళినా, విశాఖపట్నం నుంచి వెళ్ళినా, గోదావరి జిల్లా నుంచి వెళ్ళినా, రంగూను రేవులో మూటలు మోసే తెలుగు కూలీ అక్కడివారి లెక్కలో కోరంగీయే. 1930 మే నెలలో రంగూను రేవుపని విషయమై జరిగిన అల్లర్లలో దెబ్బతిన్నది ముఖ్యంగా ఈ కోరంగీలే. అయితే ఆనాటికే కోరంగి ఓడలు నిలిచే రేవు కాదు. పరదేశంలో ఒక జాతికి పేరు పెట్టిన ఊరు స్వదేశంలో మడచెట్ల మధ్య చిన్న గ్రామంగా మిగిలింది. ఇది ఎందుకు జరిగింది? ఈ ప్రశ్నకు సమాధానం ఆ ఊరి చరిత్ర ఒక్కటే కాదు. అది గోదావరి డెల్టా చరిత్ర. గోదావరి గట్టున ఎక్కడ నివసించే తెలుగువారికైనా అందులో పాలు ఉంది.

ముందుగా చోటు చూద్దాం. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. ధవళేశ్వరం దాటగానే అది గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. గౌతమి తూర్పుకు సాగి యానాం చేరుతుంది. అక్కడ దాని ఎడమ వైపునుంచి చీలి ఉత్తరంగా వెళ్ళే పాయ కోరంగి ఏరు. పురాణాల వాడుకలో దాని పేరు ఆత్రేయ. గౌతమి, ఆత్రేయ కలిసే ఈ మూలలో 1723లో ఫ్రెంచివారు వర్తకానికి దిగారు. మధ్యలో నాలుగేళ్ళు మానుకుని 1731లో మళ్ళీ వచ్చారు. వారికి పక్కనే ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీవారు 1708లోనే బట్టల గిడ్డంగి పెట్టారు. డచ్చివారు ఉత్తరాన కాకినాడ దగ్గర జగన్నాథపురంలో ఉన్నారు. ఇందరూ ఇక్కడికి వచ్చింది సన్నని నేతబట్టల కోసం. ఆ బట్టలను ఓడకెక్కించే రేవు కోరంగి. పద్దెనిమిదో శతాబ్దం చివర, పందొమ్మిదో శతాబ్దం మొదట ఈ తీరంలో ఓడల నిర్మాణానికీ, మరమ్మతుకూ పేరుపడ్డ చోటు కూడా అదే.

కోరంగి పతనానికి అందరూ మొదట చెప్పే కారణం ఉప్పెన. అది నిజమే. 1789 డిసెంబరులో తుపానుతో పాటు మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి ఊరిమీద పడ్డాయి. చనిపోయినవారు 20,000 దాకా ఉంటారని ఆనాటి అంచనా. యాభై ఏళ్ళ తర్వాత, 1839 నవంబరులో, మరో తుపాను ఆ ప్రాంతాన్ని ఊడ్చివేసింది. యానాం కూడా ఆ దెబ్బ తిన్నది. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన కోరంగి వృత్తాంతాన్ని కూడా సేకరించాడు. పాము చుట్టను సూచించే గ్రీకు మాటనుంచి ‘సైక్లోన్’ అనే పేరును 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో లోకానికి ఇచ్చింది ఆయనే. నేడు ప్రపంచమంతా వాడే ఆ మాట వెనుక మన తీరపు కన్నీళ్ళు కూడా ఉన్నాయి.

కాని తుపాను ఒక్కటే రేవును చంపదు. మచిలీపట్నం 1864లో ఘోరమైన ఉప్పెన పాలయింది, అయినా ఆ ఊరు నిలిచింది. 1789 తర్వాత కోరంగి కూడా కోలుకుని మళ్ళీ ఓడలు కట్టింది. దాన్ని నిజంగా మూసివేసింది చప్పుడు లేకుండా వచ్చిన శత్రువు. అదే ఒండ్రు. ఏటి మొగలో ఇసుక మేట పెరుగుతూ వచ్చింది. పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. తర్వాత చిన్న ఓడలకూ పోటు సమయం కోసం కాచుకోక తప్పలేదు. వర్తకం ఉత్తరాన కాకినాడకు తరలింది. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండుకు పత్తి కరువైనప్పుడు మన పత్తికి గిరాకీ పెరిగి, కాకినాడ రేవు ఒక్కసారిగా ఎదిగింది.

ఒండ్రు సరిగ్గా మొగలోనే ఎందుకు పేరుకుంటుంది? వందల మైళ్ళు మోసుకొచ్చిన మట్టిని నది సముద్రం గుమ్మంలోనే ఎందుకు దింపుతుంది? ప్రవాహం నెమ్మదించడం ఒక కారణం. ఇసుకకు అది చాలు. కాని సన్నని బంకమట్టి రేణువు అంత తేలికగా అడుగుకు దిగదు. గోదావరి వరదనీటిని ఒక చెంబుతో పట్టి ఉంచండి, మర్నాటికీ ఎర్రగానే ఉంటుంది. ప్రతి రేణువుమీదా ఋణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే ఆవేశం గల రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి అవి కలవవు, కలవవు కాబట్టి దిగవు.

అదే నీరు సముద్రపు ఉప్పును తాకితే సంగతి మారుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలోని సోడియం, మెగ్నీషియం వంటి ధనావేశపు అయానులు రేణువుల చుట్టూ చేరి వాటి ఆవేశాన్ని కప్పివేస్తాయి. నెట్టుకోవడం తగ్గుతుంది. రేణువులు దగ్గరికి వచ్చి, అంటుకుని, తమంతట తామే కుచ్చులుగా కట్టుకుంటాయి. బరువెక్కి అడుగుకు దిగుతాయి. ఇందుకు పూర్తి ఉప్పునీరు కూడా అక్కరలేదు, కాస్త ఉప్పదనం చాలు. అందుకే మంచినీరు, ఉప్పునీరు కలిసే చోటే బురద పేరుకుంటుంది.

మన పల్లెల్లో ఏటినీటిని కుండలో పోసి చిల్లగింజ అరగదీసి కలిపేవారు, లేదా పటిక ముక్క తిప్పేవారు. కాసేపటికి నీరు తేరుకునేది. సూత్రం దగ్గర దగ్గర ఒకటే. జర్మనీకి చెందిన హాన్స్ షుల్జ్ 1882లో, ఇంగ్లండుకు చెందిన విలియం హార్డీ 1900లో దీనికి ఒక నియమం చెప్పారు. కలిపిన అయానుమీద ఆవేశం ఎంత ఎక్కువైతే మట్టి అంత కొద్ది మోతాదుతోనే విరిగి దిగుతుందని దాని సారాంశం. పటికలోని అల్యూమినియం మూడు ఆవేశాలు గలది కనుక చిటికెడు చాలు. తమంతట తామే కూడి ఆకృతి కట్టే పదార్థాలను తయారు చేయడానికీ, అణువుల మధ్య విద్యుదావేశం ఎలా ప్రయాణిస్తుందో తెలుసుకోవడానికీ నేడు పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. ప్రకృతి మాత్రం అలాంటి కూర్పునే బురదనీటిలో వేల ఏళ్ళుగా చేస్తూ కోనసీమను కట్టింది.

ఇక ఆటుపోట్ల పని. కాకినాడ దగ్గర పౌర్ణమి, అమావాస్యల పోటు సుమారు ఒకటిన్నర మీటర్లే. బెంగాలులోని హుగ్లీతో పోలిస్తే ఇది చిన్నది. కాని నేల చదును కావడంవల్ల ఆ కొద్ది పోటే చాలా దూరం లోపలికి ఎక్కుతుంది. వానాకాలంలో నదిదే పైచేయి. ఎర్రనీరు ఉప్పును సముద్రంలోకి తోసేస్తుంది. వేసవిలో సముద్రానిదే పైచేయి. సముద్రానికి సుమారు 14 కిలోమీటర్ల ఎగువన ఉన్న యానాం దగ్గర కూడా గౌతమి రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతుంది. ఏ పాయలోకి నదినీరు తగ్గుతుందో ఆ పాయను పోటు తెచ్చిన బురద క్రమంగా పూడుస్తుంది. మనవారు ఏడు గోదావరులని చెబుతారు. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో మొదలుపెట్టి అంతర్వేది వరకు సప్తసాగర యాత్ర చేస్తారు. ఆ ఏడింటిలో గౌతమి, వశిష్ఠలు నేటికీ మహానదులే. తుల్యభాగ మురుగు కాలువ స్థాయికి దిగింది. మరికొన్నింటి దారి వెతుక్కోవలసి ఉంది. ఆ యాత్ర భక్తితో పాటు ఒక పాత పటాన్ని కూడా భద్రపరిచిందన్నమాట.

ఇలా కట్టిన నేల ఎంత? కొల్లేరు ఒకప్పుడు సముద్రపు అంచున ఉన్న కయ్య. సుమారు ఆరువేల ఏళ్ళుగా కృష్ణా, గోదావరి సముద్రాన్ని వెనక్కి నెడుతూ వచ్చాయి. పొలాల మధ్య వరుసగా కనిపించే పాత ఇసుక దిబ్బలు ఆనాటి తీరాల గీతలు. ఊళ్ళు ఆ మెరకలమీద వెలిశాయి, వరి పల్లాల్లో పండింది. కళ్ళముందు జరిగిన ఉదాహరణ కూడా ఒకటుంది. కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ దీవి గత రెండు వందల ఏళ్ళలో పెరిగినదే. గోదావరి ఇసుకను కెరటాలు ఉత్తరంగా జరుపుతూ సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఇసుక నాలుకను సాగదీశాయి. దాని చాటున కాకినాడ అఖాతం ఏర్పడింది. కోరంగిని మూసిన గోదావరి ఇసుకే కాకినాడకు అలల నుంచి అడ్డుగోడ కట్టింది.

ఇక్కడినుంచి కథ మలుపు తిరుగుతుంది. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట ప్రారంభించి 1852లో పూర్తిచేశాడు. కరువులతో చిక్కిన జిల్లా ధాన్యాగారమైంది. ఆ ఆనకట్ట ఎత్తు తక్కువ, వరదలో ఒండ్రు దానిమీదుగా దాటిపోయేది. ఇరవయ్యో శతాబ్దంలో ఎగువన కట్టిన జలాశయాల తీరు వేరు. మంజీరపై 1931లో నిజాంసాగర్, పైఠాన్ దగ్గర 1976లో జాయక్‌వాడి, పోచంపాడు, ఒరిస్సాలో ఎగువ కొలాబ్, ఎగువ ఇంద్రావతి – ఇలా ఒకటి తర్వాత ఒకటి లేచాయి. ఇవి నీటిని నిలుపుతాయి. నిలిచిన నీరు మట్టిని దింపుకుంటుంది. డెల్టాకు చేరవలసిన ఒండ్రులో చాలా భాగం జలాశయాల అడుగున ఆగిపోతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం దీన్ని లెక్కగట్టి 2010లో ప్రచురించింది. గోదావరిలో కొట్టుకువచ్చే తేలుడు మట్టి 1970–79 మధ్య ఏటా సుమారు 15 కోట్ల టన్నులుండగా, 2000–06 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణలోనైతే 90 లక్షల టన్నులు 4 లక్షలకు దిగింది. 1965 నుంచి 2008 వరకు 43 ఏళ్ళలో ఈ జంట డెల్టాల 336 కిలోమీటర్ల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయింది. యానాం మొత్తం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. అంటే రెండున్నర యానాంలు సముద్రంలో కలిశాయన్నమాట. 1990కి ముందు ఏటా 1.39 చదరపు కిలోమీటర్లు పోగా, ఆ తర్వాత అది రెండుంబావుకు మించింది. 2009లో వెలువడిన మరొక అంతర్జాతీయ పరిశీలన ప్రపంచంలోని 33 పెద్ద డెల్టాలను చూసి, వాటిలో మూడింట రెండు వంతులు కుంగుతున్నాయని తేల్చింది. మన రెండు డెల్టాలూ ఆ పరిశీలనలో ఉన్నాయి.

ఆరువేల ఏళ్ళు ముందుకు నడిచిన తీరం మన తరంలో వెనక్కి నడుస్తోంది. దాని అర్థం తీరపు పల్లెల్లో తెలుస్తుంది. ఉప్పు లోపలికి ఎక్కితే ముందు బావి చెడుతుంది, తర్వాత వరిచేను పర్ర అవుతుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు దిగినా, 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తుపాను తీరం దాటి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసినా, మొదట మునిగేది ఈ పల్లపు అంచే.

అక్కడ మిగిలిన కాపలాదారు మడ అడవి. కోరంగి దగ్గర 235 చదరపు కిలోమీటర్లను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మడ, పొన్న, తిల్ల చెట్ల వేళ్ళు పోటునీటి వేగాన్ని తగ్గించి బురదను పట్టి ఉంచుతాయి. నరికిన చోట ఊరికే మొక్క నాటితే బతకలేదు, ఎండి ఉప్పు పేరుకున్న నేలలో వేరు నిలవలేదు. 1990ల చివరినుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, మత్స్యకార గ్రామాలవారు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీరు లోపలికి వచ్చి పోయేలా చేశారు. అప్పుడు మడ మళ్ళీ లేచింది. ఆటుపోట్లకు దారి వదిలితే అవి నాశనం చేసేవే కాదు, నిలబెట్టేవి కూడా.

శ్రోతలారా, ఈ సంగతులు యానాం వారికో, కోనసీమ వారికో మాత్రమే చెప్పినవి కావు. గోదావరి పరీవాహక ప్రాంతంలో దాదాపు సగం మహారాష్ట్రలో ఉంది. నాందేడ్ గట్టున, ప్రాణహిత కలిసే సిరోంచలో స్నానం చేసే తెలుగువారి కాళ్ళకింద కదిలిన మట్టే కోనసీమ వరిచేను. కోరాపుట్ కొండల్లో పుట్టిన కొలాబు శబరిగా మారి తెచ్చింది అదే. బీదరు మీదుగా మంజీర తెచ్చిందీ అదే. హోసూరు, కృష్ణగిరి వారికి ఈ నది దూరమైనా, 1934లో మెట్టూరు ఆనకట్ట లేచిన తర్వాతి కావేరి డెల్టాను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. 1954లో ఫ్రెంచి జెండా దిగిన యానాం నేడు పుదుచ్చేరి పాలనలో ఉంది. చుట్టూ ఉన్న నేల 2022 నుంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు. మట్టికి ఈ ఎల్లలు తెలియవు. నీటి పంపకం గురించి రాష్ట్రాలు ట్రిబ్యునళ్ళలో వాదించుకున్నాయి. గోదావరి తీర్పు 1980లో వచ్చింది. ఎవరికి ఎన్ని టి.ఎం.సి.ల నీరు అని అడిగినట్టే, సముద్రం అంచుకు ఎంత మట్టి చేరాలి అని కూడా అడగవలసిన కాలమిది. ఎగువ జలాశయం పూడితే ఎగువవారికీ నష్టమే. వరద వేళ ఒండ్రును కిందికి వదిలే ఏర్పాటు ఇద్దరికీ లాభం.

కోరంగి ఒండ్రు ఎక్కువై మూతపడింది. దాని చుట్టూ ఉన్న తీరం ఇప్పుడు ఒండ్రు చాలక తరుగుతోంది. ఈ రెండింటి మధ్య గడిచింది రెండు వందల ఏళ్ళే. నది తెచ్చే మట్టికి లెక్క చూసుకునే బాధ్యత దాని గట్టున ఉన్న మనందరిదీ.