పొగాకు పసరులో ఏముంది?

1898. హాలండ్‌లోని డెల్ఫ్ట్, పాలిటెక్నిక్ స్కూలు ప్రయోగశాల. మార్టినస్ బైరింక్ బల్ల పక్కన నిలబడండి, ఏదీ ముట్టుకోకండి. ఆయన కల్వంలో పొగాకు ఆకులు నూరుతున్నాడు. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ మచ్చలు కలగలిసిన ఆకులు. కొన్ని ముడుచుకుపోయాయి, కొన్ని బొబ్బలెక్కినట్టున్నాయి. పచ్చి పొగాకు ఘాటు ముక్కుకి తగులుతోంది. ఆ పసరుని పింగాణీ గొట్టంలోంచి వడకట్టాడు. బాక్టీరియా ఆ రంధ్రాల్ని దాటలేదు. వడకట్టిన తేటని మైక్రోస్కోపు కింద పెట్టి చూడండి. ఏమీ కనబడదు.

కనబడని ఆ 'ఏమీ'నే సిరంజితో ఓ మంచి మొక్క కాండంలోకి ఎక్కించాడు. రెండు వారాలు తిరిగేలోగా కొత్త చిగుళ్ళ మీద అవే మచ్చలు. ఆ ఆకు నూరి మరో మొక్కకి, దాని పసరు ఇంకో మొక్కకి. విషమైతే ఇన్ని మొక్కలు మారేసరికి పలచబడాలి కదా? పడలేదు. అంటే లోపలెక్కడో పెరుగుతోంది. సీసాలో ఉంచితే మాత్రం పెరగదు, ఎదిగే మొక్క కావాలి. ఆరేళ్ళ ముందు రష్యాలో దిమిత్రి ఇవనోవ్‌స్కీ కూడా ఇలాగే వడకట్టి, బాక్టీరియా వదిలిన విషమో, వడపోతలోంచి జారిన బాక్టీరియానో అయి ఉంటుందని సరిపెట్టుకున్నాడు. బైరింక్ సరిపెట్టుకోలేదు. ఇది ప్రాణమున్న ద్రవం అన్నాడు, వైరస్ అని పిలిచాడు. ద్రవం అన్నది తప్పని తర్వాత తేలింది. బాక్టీరియా కాని కొత్త రకం అంటు ఒకటుందన్న అసలు మాట మాత్రం నిలిచింది.

ఇప్పుడు అమెరికాలోని ప్రిన్స్‌టన్, 1935. వెండెల్ స్టాన్లీ గుట్టలకొద్దీ తెగులు ఆకుల్ని పిండి, శుద్ధి చేసి, చివరికి తేల్చినవి సూదుల్లాంటి స్ఫటికాలు. కదలవు, తినవు, ఊపిరి తీయవు. సీసాలో పోసి అలమారలో పెట్టుకోవచ్చు. నీళ్ళలో కరిగించి ఆకు మీద రుద్దితే మళ్ళీ అదే తెగులు! దీనికి ఆయనకి 1946లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఒట్టి ప్రోటీనే అనుకోవడం ఆయన పొరపాటు. అందులో ఆర్‌ఎన్‌ఏ కూడా ఉందని స్ఫటికాలు తేలిన మరుసటి ఏడే, 1936లో, ఇంగ్లండులో బాడెన్, పిరీ పట్టుకున్నారు.

ఒక్క వైరస్ కణికని దగ్గరగా చూద్దాం, అదొక కడ్డీ. పొడవు 300 నానోమీటర్లు, మందం 18. మూడు వేల పైచిలుకు కడ్డీల్ని వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. పైనంతా ఒకే రకం ప్రోటీన్, మొక్కజొన్న కండె మీది గింజల్లా కిక్కిరిసి, మెలికలు తిరిగి ఉంటుంది. మూడు చుట్లకి 49 చొప్పున మొత్తం 2,130. నడిమధ్య 4 నానోమీటర్ల బోలు. గింజల సందున, వాటితోపాటే మెలిక తిరిగి, ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు. అందులో దాదాపు 6,400 అక్షరాల జన్యు రాత. అంతే, ఇంకేం లేదు. ఈ పోగు ఎక్కడుందో ఎక్స్‌రేలతో తేల్చింది లండన్‌లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ బృందం. 1958 ఏప్రిల్ 16న ఆవిడ పోయారు. మర్నాడు బ్రస్సెల్స్‌లో మొదలైన ప్రపంచ ప్రదర్శనలో ఈ వైరస్‌కి ఆవిడ చేసిన పెద్ద నమూనా ఉంది.

అన్ని వైరస్‌లూ కడ్డీలు కావు. పోలియోది ఇరవై ముఖాల డబ్బా. బాక్టీరియాని పట్టే టీ4కి తల, తోక, కాళ్ళలాంటి పోగులు. కరోనాకి కొవ్వు పొర ఉంది, అందుకే సబ్బుకి చితికిపోతుంది. కొన్నింటిలో ఆర్‌ఎన్‌ఏ బదులు డీఎన్‌ఏ. కానీ సొంతంగా శక్తి పుట్టించుకోవడం, ప్రోటీన్ తయారుచేసుకోవడం ఏ ఒక్కదానికీ రాదు.

మరి బతికేదెలా? ప్రకాశం జిల్లాలో ఓ పొగతోటలోకి రండి. తలలు తుంచే రోజులు. బంకకి కూలీల వేళ్ళు నల్లబడ్డాయి. మచ్చల మొక్కని తుంచిన చెయ్యే పక్క మొక్క మీద పడింది. ఆకు నూగులో ఒక వెంట్రుక విరిగింది. చూశారా, దారి దొరికింది! కణం గోడని తనంతట తాను ఛేదించే శక్తి ఈ వైరస్‌కి లేదు, గాయం ఉంటేనే ప్రవేశం.

లోపలికి చేరాక కడ్డీ ఒక కొసన గింజలు ఊడటం మొదలైంది. ఆర్‌ఎన్‌ఏ కొస బయటపడిందో లేదో, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లు వచ్చి పట్టుకున్నాయి. ఏ రాత దొరికితే ఆ రాత చదవడమే వాటి పని, ఎవరు రాశారని అడగవు. ముందు నకళ్ళు తీసే ఎంజైము తయారైంది. తర్వాత, కణానికీ కణానికీ మధ్యనున్న సన్నటి సందుల్ని వెడల్పు చేసే ప్రోటీన్. నకళ్ళు ఆ సందుల్లోంచి పక్క కణంలోకి దూరిపోయాయి. ఇక్కడేమో కవచం ప్రోటీన్లు ఆర్‌ఎన్‌ఏ చుట్టూ ఒక్కొక్క చుట్టే కూర్చుని కొత్త కడ్డీలవుతున్నాయి. దగ్గరుండి పేర్చేవాళ్ళెవరూ లేరు. 1955లో కాలిఫోర్నియాలో ఫ్రెంకెల్-కాన్రాట్, విలియమ్స్ ఈ రెండింటినీ విడదీసి మళ్ళీ పరీక్షనాళికలో కలిపితే, వాటంతటవే పేర్చుకుని, తెగులు తెప్పించే కడ్డీలయ్యాయి. ఇది బతికున్నదా కాదా అన్న వాదన నేటికీ తెమల్లేదు. నన్నడిగితే, సీసాలో ఉన్నంతసేపూ పదార్థమే, కణంలో పడ్డాకే దాని కథ మొదలవుతుంది.

అంటుకున్న మొక్కని బాగుచేసే మందు లేదు. తెగులు మొక్కల్ని పీకి తోటకి దూరంగా పారేయండి. తలలు తుంచేటప్పుడు, పిలకలు తీసేటప్పుడు మంచి మొక్కలు ముందు, అనుమానమున్నవి చివర్న. మధ్యమధ్య చేతులు సబ్బుతో కడుక్కోండి, కత్తులూ కడగండి. నారుమడిలో చుట్టా బీడీ వద్దు, ఎందుకంటే ఆరిన పొగాకులో కూడా ఈ వైరస్ ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. టమాటా, మిరప నారు పెంచేవాళ్ళకీ ఇదే మాట.