పిడికెడు బియ్యం: ఉత్తరాంధ్రలో సిలువ మోసింది ఎవరు?

పోయిన నెలలో ఒకరోజు క్లాసు అయిపోయాక డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె బయటికి వెళ్లకుండా ఆగింది. వాళ్లది విజయనగరం జిల్లాలో ఒక మాలపేట. వాళ్లమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టి పదిహేను వేలు తెచ్చి, పక్క ఊళ్లో జరిగిన స్వస్థత కూటాల్లో కానుకగా ఇచ్చేసిందట. ఇచ్చినదానికి నూరంతలు తిరిగొస్తుందని స్టేజీ మీద చెప్పారు. మూడు నెలలైంది, ఏమీ రాలేదు. ఆ బాధ తమ పాత చర్చి పాస్టరు దగ్గర చెప్పుకుంటే ఆయన ఇంకో మాట అన్నాడు: నీది లోకాశ, క్రీస్తు శిష్యులు సుఖం కోరరు, సిలువ మోస్తారు అని.

"మేడమ్, ఒకాయనేమో డబ్బు కావాలంటే ముందు డబ్బు ఇమ్మన్నాడు. ఇంకొకాయన డబ్బు అడగడమే పాపమన్నాడు. మా అమ్మ అడిగింది నా హాస్టలు ఫీజు కోసం. అది లోకాశేనా?"

నేను తెలుగు పాఠం చెప్పే మనిషిని. దేవుడి తరఫున జవాబు చెప్పే అర్హత నాకు లేదు. కానీ త్యాగం, సుఖం అనే ఈ రెండు మాటలకూ మన జిల్లాల్లో రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. త్యాగం అనే మాట ఎవరి ఖాతాలో పడింది, లోకాశ అనే మాట ఎవరి ఖాతాలో పడింది అన్నది నాకు తెలిసిన విషయమే. అందుకే ఈ భాగం.

1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేల మీద ప్రొటెస్టంట్ మిషన్ పని మొదలైంది అక్కడే. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి తోడ్పాటుతో సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు. డెగ్రాంజెస్ 1810లో పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు. అయిదేళ్లలో ఇద్దరు మనుషులు తమది కాని నేలలో, తమది కాని భాష నేర్చుకుంటూ చచ్చిపోయారు. దాన్ని త్యాగం అనడానికి నాకు అభ్యంతరం లేదు.

అయితే ఆ తొలి తరం చూపు పండితుల మీద, బడికి వచ్చే పై కులాల పిల్లల మీద ఉండేది. పైవాళ్లు కదిలితే కిందివాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారన్న లెక్క. పైవాళ్లు పెద్దగా కదల్లేదు. కదిలిన కొద్దిమందీ మాత్రం కథలుగా మిగిలారు. వాళ్లలో పెద్ద పేరు పురుషోత్తమ చౌదరి.

సాహిత్యం చదువుకునే పిల్లలు ఈయన దగ్గర కొంచెం ఆగాలి. 1803లో పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో పుట్టిన బ్రాహ్మణుడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. 1890 దాకా బతికాడు. అప్పట్లో పర్లాకిమిడి, శ్రీకాకుళం రెండూ గంజాం జిల్లాలోవే. ఒడియా, తెలుగు రెండూ ఒకే వీధిలో వినబడే ప్రాంతం అది. ఆయన తెలుగులో రాసిన కీర్తనలు వందకు పైగా ఉన్నాయి. కందుకూరి వీరేశలింగం పుట్టకముందే ఈయన రాస్తున్నాడు. 'కులాచార పరీక్ష' అని కులం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. కులాన్ని విమర్శిస్తూ వచ్చిన తొలి తెలుగు వచన రచనల్లో దాన్ని చేర్చాలి. మన సాహిత్య చరిత్రలు ఆయనకు ఇచ్చే చోటు మహా అయితే ఒక పేరా. పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఈ సంగతి ఎత్తితే, అది మత సాహిత్యం కదమ్మా అన్న పెద్దలున్నారు. అన్నమయ్యది మరి ఏ సాహిత్యమో వాళ్లు చెప్పలేదు.

ఆయన పోగొట్టుకున్నది నిజంగా పెద్దదే. కులం పోయింది, బంధువుల పంక్తి పోయింది, పండితుడిగా దొరికే గౌరవం పోయింది. ఈ రోజుకీ మాలపేటలోనో రెల్లి వీధిలోనో శవం లేచేటప్పుడు ఆయన కీర్తనే పాడతారు. మావాళ్లు ఆయన్ని తమవాడు అనుకున్నారు. ఆయన కూడా కులాన్ని విడిచే వచ్చాడు కాబట్టి ఆ చుట్టరికం న్యాయమైనదే.

నా పేచీ ఆయనతో కాదు, ఆయన కథ చెప్పే పద్ధతితో. బ్రాహ్మడు బాప్తిస్మం తీసుకుంటే, ఏం వదులుకున్నాడు అని అడిగారు. మాల, మాదిగ, రెల్లి తీసుకుంటే, ఏం దొరికింది అని అడిగారు. మునిగిన ఏరు ఒకటే. లెక్క రాసిన పుస్తకాలే రెండు.

జర్మనీలో డీట్రిచ్ బోన్‌హోఫర్ అనే పాస్టరు శిష్యత్వానికి చెల్లించాల్సిన వెల గురించి 1937లో పుస్తకం రాశాడు. మన సెమినరీల్లో ఇప్పటికీ దాన్ని గౌరవంగా చదువుతారు. 1939లో అమెరికాలో క్షేమంగా ఉండిపోయే వీలున్నా ఓడెక్కి తిరిగి వెళ్లాడు. 1945 ఏప్రిల్‌లో నాజీలు ఉరితీశారు. గొప్ప మనిషి. కానీ గమనించండి, ఆయనకు ఉండిపోయే వీలుంది. వదులుకోవాలంటే చేతిలో ఏదో ఉండాలి. నేల లేనివాడికి, తినే కంచం కూడా వేరుగా పెట్టబడినవాడికి సుఖాలు త్యజించు అని బోధిస్తే ఆ మాటకు అర్థం ఏమిటి?

మళ్లీ మన వైపు వద్దాం. ఉత్తరాంధ్రలో దళితపేటల దాకా వచ్చిన మిషన్ ప్రధానంగా కెనడా బాప్టిస్టులది. దాని వెనక కూడా ఒక తెలుగువాడున్నాడు. థామస్ గాబ్రియేల్ ప్రభుత్వ టెలిగ్రాఫ్ ఉద్యోగం వదిలేసి కాకినాడలో సొంతంగా సంఘం మొదలుపెట్టాడు. నడపలేక అప్పుల పాలై కెనడా వాళ్లను పిలిచాడు. 1874లో జాన్ మెక్‌లారిన్ వచ్చాడు. మరుసటి ఏడు మొదట్లోనే గాబ్రియేల్ పోయాడు. జీతమూ, ఉద్యోగమూ వదిలిన ఈ మనిషి పేరు ఎంతమంది పాస్టర్లకు తెలుసో అడిగి చూడండి. ఆ 1875లోనే, సయాంలో పని చేద్దామని వెళ్లిన ఇంకో కెనడా బృందం అక్కడ కుదరక ఇటు మళ్లింది. శాన్‌ఫర్డ్ భీమిలిలో, ఆర్మ్‌స్ట్రాంగ్ శ్రీకాకుళంలో, చర్చిల్ బొబ్బిలిలో కుదురుకున్నారు. చర్చిల్ భార్య మటిల్డా బొబ్బిలి నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. ఆవిడ ఎండ, ఆవిడ ఒంటరితనం, ఆవిడ బడి గురించి మనకు ఆవిడ మాటల్లోనే తెలుసు. ఆవిడలాంటి దొరసానుల వెంట ఊరూరా నడిచిన బైబిలు స్త్రీల గురించి ఏం తెలుసు? నివేదికల్లో చాలాచోట్ల పేరే ఉండదు. ఉన్నా ఒంటి పేరు: మరియమ్మ, సారమ్మ. ఇంటిపేరు లేదు, ఊరు లేదు, కులం మాత్రం ఒక్కోసారి ఉంటుంది.

కృష్ణా, గుంటూరు, ఒంగోలు వైపు పేటలకు పేటలు కదిలినట్టు మన దగ్గర కదల్లేదు. కొండల్లో సవరల సంగతి వేరు, అది ఇంకో భాగంలో రాస్తాను. మైదానంలో మాత్రం ఊరికి నాలుగిళ్లు, పదిళ్లు. గుంపుగా మారినవాడికి గుంపు అండ ఉంటుంది. నాలుగిళ్ల వాళ్లకు అదీ లేదు. కామందు పని మానిపించినా, బావి దగ్గర తోసేసినా వాళ్లే పడాలి.

వాళ్లనే బియ్యం క్రైస్తవులు అన్నారు. కూటికి మతం మారినవాళ్లు అన్నారు. ఈ నింద ఎంత పాతదో, దానికి జవాబూ అంత పాతదే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని, ఎక్కువగా మాదిగలకు కూలి ఇప్పించాడు. తిండి కోసం వస్తారేమోనన్న అనుమానంతో ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ఆగాక, 1878 జులై 3న ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పెట్టేది ఆగిపోయాక వచ్చారు. అయినా నింద పోలేదు. ఎందుకంటే అది వాస్తవం మీద నిలబడింది కాదు. మాలవాడికి, మాదిగవాడికి కడుపు తప్ప ఆలోచన ఉండదన్న నమ్మకం మీద నిలబడింది.

ఇక్కడ మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలి. మా అమ్మమ్మది పాలకొండ వైపు. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న ముంతలో వేసేది. బియ్యం లేక అంబలి కాచుకునే రోజుల్లో పిడికెడు చోళ్లు. ఆదివారం ఆ ముంతలోది కొంగున కట్టుకుని చర్చికి తీసుకెళ్లేది. అక్కడ అందరిదీ ఒక గోనెలో పోసి, కొలిచి, వేలం వేసేవారు. ఆ డబ్బుతోనే బోధకుడి జీతం, దిక్కులేని ముసలాళ్ల తిండి, చచ్చినవాళ్ల పెట్టె. తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఉన్న అలవాటే ఇది. మిజోరంలో ఆడవాళ్లు 1910లో ఇదే పని 'బుఫాయ్ థమ్' అనే పేరుతో మొదలుపెట్టారు. అక్కడ అది చర్చి చరిత్రలో గర్వంగా చెప్పుకునే అధ్యాయం. మన దగ్గర దాన్ని చరిత్ర అని ఎవరూ అనుకోలేదు.

ఇంటర్ చదివేటప్పుడు ఎవరో బియ్యానికి మారినోళ్లు అన్నారని ఏడుస్తూ ఇంటికొచ్చాను. అమ్మమ్మ నవ్వింది. "ఆల్లు మనకి పెట్టిందేటే గుంటా? మేవే పెట్టినాం. మా తిండిలోంచి తీసి పెట్టినాం."

ఆ ముంతను ఏ ఖాతాలో రాస్తారు? అది త్యాగమే. అలాగని సుఖం వద్దనుకుని చేసింది కాదు. తన పేటకు ఒక బోధకుడు, ఒక రాత్రిబడి, చచ్చాక ఒక పెట్టె కావాలనే చేసింది. నాలుగిళ్లకూ కలిపి సుఖం కావాలని ఒక్కో ఇల్లూ ఇచ్చిన పిడికెడు అది.

ఇచ్చింది బియ్యమే కాదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులు కానివారిని జాబితా నుంచి బయట పెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో వాళ్లకు బీసీ-సి, ఒక్క శాతం. 1977లో 341 నంబరు జీవోతో కొన్ని రాయితీలు ఇచ్చారు కానీ చట్టం ఇచ్చే హోదా అది కాదు. అంటే ఒక మాలమనిషి తన విశ్వాసాన్ని కాగితం మీద నిజంగా రాస్తే ఉద్యోగం, సీటు, అట్రాసిటీ చట్టం రక్షణ మూడూ పణంగా పెట్టాలి. రాయకపోతే, సర్టిఫికెట్ కోసం క్రీస్తును దాచుకున్నారని పుల్పిట్ మీద నుంచి తిడతారు. తిట్టేవాళ్లలో ఆ మూడింటి అవసరం లేని కులాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. సిలువ మోయమని చెప్పడం వాళ్లకు తేలిక.

ఇక సుఖం. సోంపేటలో డాక్టర్ బెన్ గలిసన్ ఆరోగ్యవరం ఆసుపత్రిలో పేదల కళ్లకు ఆపరేషన్లు చేశాడు. ఆయన పని చూసి కదిలి కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో మొదలుపెట్టిన సంస్థ 'ఆపరేషన్ ఐసైట్' ఇవాళ చాలా దేశాల్లో పని చేస్తోంది. కళ్లు కనబడటం సుఖమే కదా? శరీర సుఖమే. దాన్ని అడిగిన ముసలమ్మను లోకాశ అనలేదు ఆ డాక్టరు.

అందుకే స్వస్థత కూటాలకు పరిగెత్తేవాళ్లను చూసి నవ్వే మిత్రులతో నేను కలవలేను. ఉద్దానంలో కిడ్నీలు పోతున్నాయి. సగం పేట హైదరాబాదులోనో చెన్నైలోనో కూలికి ఉంది. రోగానికి, అప్పుకి, వలసకి జవాబు చెప్పేవాడు ఎవడూ కనబడని చోట, ఇస్తే వస్తుందని మైకులో చెప్పేవాడు కనబడ్డాడు. అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ 1970 ప్రాంతంలో ప్రచారం చేసిన విత్తన విశ్వాసం అనే ఈ బోధ టీవీ ఎక్కి మన పేటలకు చేరింది. అది చేసిన అసలు చెడు ఆశ పెట్టడం కాదు, ఆ ముంతను పగలగొట్టడం. గోనెలో అందరిదీ కలిసే పిడికెడు పోయి, ఎవరి కవరు వాళ్లదైంది. రాకపోతే తప్పు ఎవరి విశ్వాసంలో వాళ్లు వెతుక్కోవాలి.

సువార్తలో ఆఖరి రెండు కాసులు వేసిన విధవరాలి కథ ఈ కూటాల్లో తరచుగా వినబడుతుంది. దానికి సరిగ్గా ముందు యేసు ఎవరిని తిట్టాడో మాత్రం చదవరు. పొడుగు ప్రార్థనలు చేస్తూ విధవల ఇళ్లు మింగేవాళ్లను. మార్కు పన్నెండో అధ్యాయం, ఇంటికెళ్లి చూసుకోండి.

పాత బోధ, కొత్త బోధ రెండూ ఒక చోట కలుస్తాయి. రెండింటిలోనూ ఊరు లేదు. మతం మారిన తర్వాత క్రైస్తవులు ఒక సమాజంగా సామాజిక అన్యాయం మీద ఎందుకు పోరాడలేదని అంబేడ్కర్ అడిగింది దీని గురించే. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో మద్దువలస రిజర్వాయరు కింద మిగిలిన భూమి సాగు చేసుకున్నందుకు దళితుల మీద దాడి జరిగింది. అయిదుగురు చనిపోయారు. వాళ్లు ఏ దేవుణ్ణి కొలిచారన్నది నాకు ముఖ్యం కాదు. వాళ్లు కోరింది సుఖమా? కోరితే తప్పా? ఆ ఆదివారం మన చర్చిల్లో ఎన్నింటిలో లక్ష్మీపేట పేరు ఎత్తారు? నేను వెళ్లిన చర్చిలో ఎత్తలేదు. వానల కోసం ప్రార్థన చేశారు.

ఆ అమ్మాయికి ఇదంతా ఒక్కసారి చెప్పలేదు, రెండు మూడు రోజులు మాట్లాడుకున్నాం. ఫీజు సంగతి ముగ్గురం లెక్చరర్లం కలిసి చూశాం. కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి, నూటికి మూడు రూపాయల వడ్డీ. అది ఎలా తీర్చాలో చూస్తున్నాం. తను మాత్రం వాళ్ల నానమ్మను అడిగి ఒక కాగితం రాసుకొచ్చింది: తమ పేటకు మొదట నడిచి వచ్చిన బైబిలు స్త్రీ పేరు, ఆవిడ పుట్టిన ఊరు, ఆవిడకు నెలకు ఇచ్చిన బియ్యం ఎంతో.

ఇలాంటి పేర్లు మీ ఇళ్లలో కూడా ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం వైపు వాళ్లు ముసలివాళ్లను అడిగి నాకు పంపండి. పాత సంఘం రిజిస్టర్లు ఉంటే ఫొటో తీసి పెట్టండి, చెదలు పట్టకముందే. వచ్చే భాగం ఆ పేర్లతోనే మొదలుపెడతాను.